పాత ఇనుముతో ఎర్రకాళ్ళ కొంగ, దాని ముందు బెంచీ: ఉప్పుగాలికి నిలబడాలంటే ఎలగ చెయ్యాలి?

టెక్కలి_వెల్డింగ్
అందరికీ నమస్కారమండి. మాది టెక్కలి నుంచి నౌపడ వైపు, గేట్లు, గ్రిల్సు, రేకుల షెడ్లు చేసే చిన్న షాపు. ఇప్పుడొక పని చేతికొచ్చింది, నాకు ప్రాణం లాంటి పని, అందుకే గట్టిగా చెయ్యాలని అడుగుతన్నాను. మా ఊరి చెరువు గట్టు మీద జనం కూర్చోడానికి ఒక బెంచీ, దాని వెనకాల రెక్కలు విప్పుకుని అప్పుడే దిగుతున్న ఎర్రకాళ్ళ కొంగ, మొత్తం పాత ఇనుముతోనే. తేలినీలాపురం మాకు కూతవేటు దూరం, చిన్నప్పట్నించీ ఆ కొంగల్ని చూస్తూ పెరిగినోళ్ళం, ఊర్లో కుర్రాళ్ళే చందా వేసుకున్నారు, తుక్కు నేను పోగేసీసాను.

నా దగ్గర ఏటేటి ఉన్నాయంటే లారీ కమాన్ పట్టీలు (ఇరుసు మీద ఉండే స్ప్రింగు పట్టీలు), సైకిల్ చైన్లు రెండు బస్తాలు, బైకు స్ప్రాకెట్లు, రోటావేటర్ బ్లేడ్లు, బ్రేక్ డ్రమ్ములు, బేరింగులు, అరిగిపోయిన కొడవళ్ళు ఒక మూట (కోత మిషన్లు వచ్చాక ఊర్లో ఎవరికీ అక్కర్లేదు, అడిగితే ఊరికినే ఇచ్చీసారు), ఇంకా క్రషర్ దవడ ప్లేటు ముక్క ఒకటి.

డౌట్లు ఏటంటే, కమాన్ పట్టీకి మామూలు 6013 నంబరు వెల్డింగు రాడ్డు పెడితే అతుకు చూడ్డానికి బాగానే ఉంటాది గానీ చల్లారాక పక్కన సన్నగా గీత పడిపోతంది, ఎందుకు? రెండోది, రంగెయ్యడం నాకిష్టం లేదు, చైను చైనులాగ కొడవలి కొడవలిలాగ కనబడాలి, కార్టెన్ స్టీలని పెద్ద పెద్ద బొమ్మల్ని తుప్పు రంగులోనే వదిలీస్తన్నారు కదా, అలగ వదిలీయొచ్చా? మూడోది రేటు. కొంగ ఎత్తు 6 అడుగులు అనుకుంటన్నాను, కాళ్ళకి 25 ఎంఎం రాడ్డు తెచ్చి ఉంచాను.

నెల్లిమర్ల_ఫిట్టర్
తమ్ముడూ, మంచి పని ఎత్తుకున్నావు. కమాన్ పట్టీ సంగతి ముందు చెప్తాను, అది తెలిస్తే మిగతా తుక్కు సంగతి సగం తెలిసినట్టే.

మామూలు యాంగిల్‌లో కార్బన్ చాలా తక్కువ, కమాన్ పట్టీలో అర శాతం పైనే ఉంటుంది. నువ్వు ఆర్క్ కొట్టిన చోట ఇనుము కరిగి, ఆ పక్కన ఒక సన్నటి పట్టీ మేర ఎర్రగా కాలుతుంది. చుట్టూ ఉన్న చల్లటి పట్టీ ఆ వేడిని ఒక్క గుక్కలో లాగేస్తుంది. అంటే ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచినట్టే అన్నమాట, ఆ సన్నటి మేర గాజులా గట్టిపడిపోతుంది, వెల్డు చల్లారి ముడుచుకునేటప్పుడు సాగలేక చీలుతుంది. రాడ్డు చెమ్మగా ఉంటే ఇంకా తొందరగా చీలుతుంది. వెల్డింగు నీ చేతిలో బాగానే పడింది, ఇనుమే ఒప్పుకోలేదు.

కనక ఏం చెయ్యాలంటే, అతికే చోట గ్రైండరుతో మెరిసేదాకా రుద్ది గ్యాసు మంట మెల్లిగా చూపించు. మెరుస్తున్న చోట రంగు మారుతుంది చూడు, ముందు లేత గడ్డి రంగు వస్తుంది, అది 220 డిగ్రీల దరిదాపు. ఆ తర్వాత గోధుమ, ఊదా, చివరికి 300 దగ్గర నీలం. గడ్డి రంగు దాటి గోధుమలోకి వస్తోందనగా ఆర్క్ పెట్టు. రాడ్డు 7018, కానీ డబ్బాలోంచి తీసి నేరుగా పెడితే లాభం లేదు, 300 డిగ్రీల దగ్గర ఓ గంటన్నా ఓవెన్‌లో కాల్చి వేడిగా వాడాలి. ఓవెన్ లేకపోతే 312 స్టెయిన్‌లెస్ రాడ్డు తెచ్చుకో, ఖరీదే, కానీ ఏ జాతి ఇనుమో తెలీని ముక్కలకి అది చేసినంత మేలు ఇంకేదీ చెయ్యదు. చిన్న చిన్న అతుకులు వెయ్యి, అయిన వెంటనే పొడి ఊక బూడిదలో పూర్తిగా కప్పెట్టి మర్నాడు పొద్దున తియ్యి.

ఇంకోటి, ప్రతి పట్టీకీ మధ్యలో సెంటర్ బోల్టు కన్నం కంపెనీవాడే ఇచ్చి ఉంటాడు. వెల్డే అక్కర్లేని చోట ఆ కన్నంలో బోల్టు వేసి బిగించెయ్.

ఉద్దానం_బాబు
మాస్టారు ఊక బూడిద ఎక్కడ దొరుకుద్దండి? మా బావ ఇసకలో పెడతాడు, పర్లేదా

నెల్లిమర్ల_ఫిట్టర్
ఏ రైసు మిల్లుకి వెళ్ళినా బాయిలర్ వెనక గుట్టలుంటాయి, పట్టుకెళ్తానంటే వాళ్ళే సంతోషిస్తారు. ఉక్కు ఫ్యాక్టరీల్లో కూడా కరిగిన ఉక్కు మీద వేడి పోకుండా ఊక బూడిదే చల్లుతారు, అంత బాగా వేడిని ఆపుతుంది. ఇసక వేడిని తొందరగా లాగేస్తుంది, పైగా చెమ్మ ఉంటుంది, దానికన్నా పొడి సున్నం నయం. బూడిద ఎత్తేటప్పుడు ముక్కుకి మాస్కు ఉండాలి, అందులో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి మంచిది కాదు.

క్రషర్_కుర్రోడు
అన్నా ఆ దవడ ప్లేటు ముక్కకి అయస్కాంతం పెట్టి చూసారా? అతుక్కోదు చూడండి. నేను టెక్కలి దగ్గర క్రషర్‌లో పనిచేస్తన్నాను, రాయి నలిపే దవడ ప్లేట్లు మాంగనీస్ స్టీలు, మాంగనీసు 11 నుంచి 14 శాతం దాకా ఉంటాది, దాని గుణం ఏటంటే దెబ్బ తగిలేకొద్దీ పైపొర గట్టిపడతాది, అందుకే అంత గ్రానైట్ రాయిని నలుపుతాది. డ్రిల్లు బిట్టు పెడితే బిట్టే పోద్ది. దానికి మాస్టారు చెప్పింది తిరగెయ్యాలి, ముందు వేడి చెయ్యకూడదు, 250 దాటి వేడి ఎక్కితే పెళుసయిపోద్ది, చిన్న అతుకు వేసి పక్కన చెయ్యి పెట్టగలిగేదాకా ఆగి మళ్ళీ వెయ్యాలి, రాడ్డు 309 స్టెయిన్‌లెస్. నా మాట ఏటంటే దాన్ని కొయ్యొద్దు, గ్రైండ్ చెయ్యొద్దు, ఆ మాంగనీసు పొగ నరాలకి చెరుపు. దాని మీద ఉన్న గాడులు అలలలాగ ఉంటాయి, నీటి అలలన్నట్టు కొంగ కాళ్ళ దగ్గర అలగే పడుకోబెట్టీయండి, బరువు కూడా కలిసొస్తాది.

టెక్కలి_వెల్డింగ్
అయస్కాంతం పెట్టాను తమ్ముడూ, నిజంగానే అతుక్కోలేదు! స్టీలు కాదేమో అనుకుని పక్కన పడీబోతన్నాను. కాళ్ళ కింద నీటి అలలు, ఈ ఆలోచన చాలా బాగుంది.

మాస్టారూ, మరి మిగతా ముక్కల జాతి ఎలగ తెలుస్తాది? అన్నీ తుప్పు రంగే.

నెల్లిమర్ల_ఫిట్టర్
మూడు పనులు చెయ్యి. తీగ కట్టి వేలాడదీసి సుత్తితో కొట్టు, ఉక్కయితే ఖంగుమని సాగుతుంది, బీడయితే, అంటే పోత ఇనుమయితే, టప్పుమని ఆగిపోతుంది. నీ బ్రేక్ డ్రమ్ములు బీడే. రెండోది ఆకురాయి, దాని పళ్ళు దిగకుండా జారిపోయిందంటే ఆ ముక్క పదునెక్కిన గట్టి ఉక్కు, బేరింగు రింగులు అలాంటివే.

మూడోది నిప్పురవ్వలు. సాయంత్రం షాపులో లైటు తీసేసి గ్రైండరు ఆనించు. మామూలు ఇనుముకి రవ్వలు తిన్నగా పొడుగ్గా పోతాయి, చివర్లో ఒకటో రెండో చీలికలు. కార్బన్ ఎక్కువున్న కొడవలికీ కమాన్ పట్టీకీ దారంతా చిటపటమని పూలు విచ్చుకుంటాయి. బీడుకి పొట్టిగా, మందంగా, ఎర్రగా ఉంటాయి. తెలిసిన ముక్కలు కొన్ని పక్కన పెట్టుకుని వాటి రవ్వలతో పోల్చుకుంటే తప్పిపోదు.

బీడుని ఉక్కుకి ఆర్క్‌తో అతకాలంటే నికెల్ రాడ్డే, అంగుళం కన్నా పొడుగు అతుకు వెయ్యకు, వేడి మీదే చిన్న సుత్తితో దాని మీద టకటకా కొట్టు, మళ్ళీ బూడిదలో పెట్టు. అంతకన్నా నీ చోట గ్యాసు, ఇత్తడి రాడ్డు ఉంటే బ్రేజింగ్, అంటే ఇత్తడి కరిగించి అతకడం, హాయి, బీడు కరగనక్కర్లేదు.

రంగవల్లి_విజయనగరం
నేను శిల్పం పని చేస్తాను, విజయనగరంలో ఉంటాను. తమ్ముడూ నీ రెండో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు, అదే అసలు ప్రశ్న.

కార్టెన్ అనేది మామూలు ఇనుము తుప్పు పట్టడం కాదు. అందులో రాగి, క్రోమియం, నికెల్ కొద్దికొద్దిగా కలుపుతారు, దాని తుప్పు దట్టంగా గట్టిగా అతుక్కుని లోపలి ఉక్కుని కాపాడుతుంది. అది కూడా ఎప్పుడంటే తడిసి ఆరి, తడిసి ఆరి ఉన్నప్పుడు. ఉప్పు తగిలే చోట ఆ పొర కుదురుకోదు, అసలు కార్టెన్‌ని కూడా సముద్రం పక్కన వాడొద్దనే చెప్తారు. ఇక నీ కమాన్ పట్టీ, కొడవలి, చైను వీటిలో ఆ లోహాలు ఆ పాళ్ళలో లేవు, వీటి తుప్పు పొరలు పొరలుగా లేచి రాలిపోతుంది, కింద కొత్త ఇనుము బయటపడి మళ్ళీ తుప్పు. నౌపడ అంటే ఉప్పు మడులున్న ఊరు, అక్కడి గాలి సంగతి నీకు నేను చెప్పాలా. సన్నటి కొడవలి అంచు అక్కడ రంగు లేకుండా ఎక్కువ కాలం ఆగదు.

కాబట్టి రంగు వెయ్యాల్సిందే. కానీ నీ భయం రంగు గురించి కాదు, పుట్టీ గురించి. పుట్టీ పెట్టి సందులు మూసి నున్నగా చేస్తేనే అది ఫైబర్ బొమ్మ అవుతుంది. సందులు సందులుగానే ఉంచి పల్చటి ముదురు బూడిద రంగు వేస్తే ప్రతి పన్నూ ప్రతి పిన్నూ ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి, ఎందుకంటే తుప్పు మరకల గందరగోళం పోయి వెలుగూ నీడా మాత్రమే మిగులుతాయి. పికాసో 1942లో సైకిలు సీటు, హ్యాండిలు రెండే రెండు ముక్కలతో ఎద్దు తల చేశాడు. సీటు సీటులాగే ఉంది, చూసిన వాడికి ఎద్దు కూడా కనిపిస్తుంది. ముక్క రూపం చెడకూడదన్న నీ పట్టు సరైనదే, దాన్ని వదలకు.

పిట్టల_డైరీ
నేను పిట్టల్ని చూడ్డానికి ఆ చుట్టుపక్కల బాగా తిరుగుతాను, అన్నా మీరు గీసుకునేటప్పుడు కొన్ని గమనించండి. ఎర్రకాళ్ళ కొంగ ముక్కు తిన్నగా ఉండదు, చివర కొద్దిగా కిందకి వంగుతుంది, మొదట్లో లావుగా ఉంటుంది. మీ కమాన్ పట్టీ వంపు సరిగ్గా దానికే పుట్టినట్టుంది. తల ముందు భాగం బోడిగా నారింజ రంగులో ఉంటుంది, ఈకలుండవు. మోకాలు అని మనం అనుకునేది వెనక్కి వంగి ఉంటుంది, ముందుకి కాదు, చాలా బొమ్మల్లో ఇది తప్పుతారు. దిగేటప్పుడు కాళ్ళు ముందుకి చాస్తుంది, మెడ కూడా ముందుకే చాచి ఉంటుంది, తెల్ల కొంగ లాగా ముడుచుకోదు. నిజం కొంగ మీటరు ఎత్తు ఉంటుంది, మీది ఆరడుగులంటే దాదాపు రెట్టింపు, లెక్కలన్నీ ఆ కొలతకే పెంచుకోండి.

టెక్కలి_వెల్డింగ్
మోకాలు సంగతి నిజమే సుమండీ. ఆ మోకాలు దగ్గర బేరింగు పెడదాం అనుకుంటన్నాను. రెక్క చివరి ఈకలకి కొడవళ్ళు, లోపలి ఈకలకి సైకిల్ చైన్లు వరసగా పక్కపక్కన. చైన్లు ఎలగ శుభ్రం చెయ్యాలి?

క్రషర్_కుర్రోడు
బేరింగు పెడితే సీలు ఉన్నది పెట్టొద్దన్నా, లోపల గ్రీజు కాలి ఒత్తిడి పెరిగితే రింగు పగిలి మొహం మీదికొస్తాది. సీలు పీకి, డీజిల్లో కడిగి, ఆరాక పెట్టండి. అలగే పాత షాకబ్జర్ గొట్టాలు ఎవరన్నా ఇస్తే కొయ్యొద్దు, లోపల గ్యాసు పట్టి ఉంటాది. మూత బిగిసిన డ్రమ్ము, పెట్రోలు ట్యాంకు ఖాళీదైనా సరే ఆర్క్ దగ్గరకి రానీయకండి.

రంగవల్లి_విజయనగరం
చైన్ల గురించి ఆలోచించు తమ్ముడూ, బయట పెట్టే బొమ్మకి చైను మంచిది కాదు. ప్రతి లింకులో పిన్నూ రోలరూ మధ్య సందు ఉంటుంది, అక్కడికి బ్రష్షు పోదు, రంగు పోదు, ఉప్పు నీరు మాత్రం పోతుంది. ఎంత రంగేసినా ఆ సందుల్లోంచి ఎర్రటి చారలు కారుతూనే ఉంటాయి. చైన్లు ఇంట్లో పెట్టే లాంపులకీ, అద్దం ఫ్రేములకీ దాచుకో. ఇక్కడ లోపలి ఈకలకి రోటావేటర్ బ్లేడ్లు గానీ స్ప్రాకెట్లు సగానికి కోసి గానీ వాడు. పైగా అసలు నియమం ఒకటుంది, నీరు నిలిచే గిన్నె ఆకారం ఎక్కడా ఉండకూడదు. ప్రతి ముక్క వాలుగా ఉండాలి, లేదా అడుగున కన్నం ఉండాలి. రెండు పట్టీలు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి చివర్లు మాత్రమే అతికితే మధ్యలో నీరు చేరి తుప్పు ఉబ్బి అతుకునే విరగ్గొడుతుంది. చుట్టూ పూర్తిగా మూసి అతుకు, లేకపోతే వేలు పట్టేంత ఎడం వదులు.

రంగు వేసే ముందు ఇంకో సంగతి. పాత తుప్పులో ఉప్పు దాక్కుని ఉంటుంది, దాని మీద ఎంత మంచి ప్రైమర్ వేసినా కింద నుంచి బొబ్బలు లేస్తాయి. శాండ్ బ్లాస్టింగ్ చేయించు, కుదరకపోతే వైరు బ్రష్షు కొట్టి మంచి నీటితో బాగా కడిగి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ కడిగి, ఆ రోజే ప్రైమర్ వెయ్యి. జింక్ ఎపాక్సీ, దాని మీద మామూలు ఎపాక్సీ, ఆఖర్న ఎండకి తట్టుకునే పాలీయురేథేన్. ఎపాక్సీ ఒక్కటే వదిలేస్తే ఎండకి సుద్దలా రాలుతుంది.

ఉద్దానం_బాబు
అక్కా లోపల పెట్టే లాంపు అన్నారు కదా, దానికి కూడా ఇన్ని రంగులు వెయ్యాలా? నేను చైన్లతో లాంపు స్టాండు చేస్తన్నాను

రంగవల్లి_విజయనగరం
అక్కర్లేదు. లోపల వస్తువుకి నాకు ఇష్టమైన పద్ధతి కరక్కాయ. కరక్కాయలు నలగ్గొట్టి నీళ్ళలో మరిగించి వడకట్టి, నూనె జిడ్డు పోయేలా కడిగిన ఇనుము మీద బ్రష్షుతో రాస్తే కాసేపటికి నీలం కలిసిన నలుపు వస్తుంది. కరక్కాయలో టానిన్ ఉంటుంది, అది ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డని కరక్కాయలో ముంచి, ఇనప ముక్కలూ బెల్లమూ నానబెట్టిన కసింతో గీస్తే నలుపు వచ్చేది ఈ కలయికతోనే. ఆరాక తేనెమైనం రుద్దితే చాలు. అవిసె నూనె రాస్తే మాత్రం ఆ గుడ్డలు ముద్దగా చుట్టి మూల పడెయ్యకు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, నీళ్ళలో ముంచి బయట ఆరెయ్యి.

లాంపుకి మూడు వైర్ల కేబులు వాడి ఎర్తు వైరుని ఇనప బాడీకి స్క్రూతో బిగించు. వైరు కన్నంలోంచి వెళ్ళే చోట రబ్బరు గ్రోమెట్టు (కన్నం అంచుకి తొడిగే చుట్టు) ఉండాలి. ఇది మర్చిపోతే అందం సంగతి తర్వాత, ప్రాణం పోతుంది.

ఉద్దానం_బాబు
సరే అక్కా ఎర్తు తప్పకుండా వేస్తాను. ఇంకో డౌటు, తిత్లీ తుఫానుకి ఎగిరిపోయిన రేకులు మా తోటలో ఇంకా ఉన్నాయి, లాంపు డూముకి వాడొచ్చా

నెల్లిమర్ల_ఫిట్టర్
అవి జీఐ రేకులు బాబూ, పైన జింకు పూత. దాని మీద ఆర్క్ కొడితే తెల్లటి పొగ వస్తుంది, పీలిస్తే ఆ రాత్రికి చలీ జ్వరం. పాలు తాగితే పోతుంది, బెల్లం తింటే పోతుంది అని షాపుల్లో చెప్పుకుంటారు, అదేమీ ఆపదు. డూముకి వెల్డింగు ఎందుకు, రివెట్లు కొట్టు. రేకు కత్తిరించినా వంచినా ఏ పొగా రాదు.

ఇక టెక్కలి తమ్ముడికి అసలు లెక్క. తిత్లీ మాట వచ్చింది కనక దాంతోనే చెప్తాను. 2018 అక్టోబర్ 11న అది పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు. 150 అంటే సెకనుకి 42 మీటర్లు. దాన్ని దానితోనే గుణించి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి 1060 న్యూటన్లు వస్తుంది, అంటే 108 కేజీల తోపు. విప్పిన రెక్కలు, ఒళ్ళు కలిపి ఒకటిన్నర చదరపు మీటరు అనుకో, 160 కేజీలు అడ్డంగా నెడతాయి. ఆ తోపు కాళ్ళ అడుగు నుంచి నాలుగడుగుల ఎత్తున పడుతుంది. రెండు కాళ్ళూ చెరి సగం మోసినా 25 ఎంఎం రాడ్డులో వచ్చే ఒత్తిడి చదరపు ఎంఎంకి 600 న్యూటన్లు దాటుతుంది, మామూలు ఇనుము 250కే వంగుతుంది. అంటే అలాంటి గాలి ఇంకోటి వస్తే నీ కొంగ సాష్టాంగ పడుతుంది. అదే 40 ఎంఎం రాడ్డయితే 150 దగ్గర ఆగుతుంది. రాడ్డు లావు పెరిగితే బలం ఘనంలో పెరుగుతుంది, అందుకే ఇంత తేడా. బరువు చూసుకోవాలంటే ఎంఎంని ఎంఎంతో గుణించి 162తో భాగించు, 40కి మీటరుకి దాదాపు 10 కేజీలు వస్తుంది.

కింద నాలుగడుగులు బై నాలుగడుగులు, అడుగు మందం కాంక్రీటు దిమ్మ వెయ్యి, 1,100 కేజీల దాకా ఉంటుంది. కాళ్ళు దిమ్మలో పాతెయ్యకు, కాంక్రీటూ ఇనుమూ కలిసే గీత దగ్గరే నీరు నిలిచి తినేస్తుంది. 12 ఎంఎం బేస్ ప్లేటుకి అతికి, బోల్టుల మీద అంగుళం పైకి లేపి పెట్టు, పాడైతే విప్పుకోవచ్చు కూడా.

టెక్కలి_వెల్డింగ్
మాస్టారూ ఈ లెక్క కాగితం మీద రాసుకుని గోడకి అంటించాను. 40 ఎంఎం రాడ్డు అంటే కొంగ కాళ్ళు లావుగా కనబడవా అని భయం.

రంగవల్లి_విజయనగరం
ఆరడుగుల కొంగకి 40 లావు కాదు. మోకాలి బేరింగు రాడ్డుకన్నా స్పష్టంగా పెద్దదిగా ఉంటే కాలు దానంతటదే సన్నగా కనిపిస్తుంది. రెక్కల్లో ఈకల మధ్య ఎడం వదిలితే గాలి కూడా దూరి పోతుంది, తోపు తగ్గుతుంది, చూడ్డానికీ తేలిగ్గా ఉంటుంది. కాళ్ళు ఒక్కటే ఎర్రగా, మొహం నారింజ, మిగతాది బూడిద రంగు. అంతకన్నా రంగులొద్దు.

జంక్షన్_శ్రీకాకుళం
మధ్యలో వచ్చాను క్షమించండి. రైలు పట్టా ముక్క బేసు కింద బాగుంటుంది, ఏడు రోడ్ల జంక్షన్ నుంచి కాస్త లోపలికెళ్తే తుక్కు షాపులో ఉంది, తేనా?

నెల్లిమర్ల_ఫిట్టర్
వద్దు బాబూ. పట్టా ముక్క, ఫిష్ ప్లేటు, స్లీపర్ క్లిప్పు ఏదైనా రైల్వే ఆస్తి. కాగితం లేకుండా దగ్గరుంటే 1966 చట్టం కింద కేసు పెడతారు, కొన్నవాడు కూడా జవాబు చెప్పుకోవాలి. వేలంలో కొన్న రసీదు షాపువాడు చూపిస్తే సరే, లేకపోతే ముట్టుకోకు. కరెంటు టవర్ల యాంగిళ్ళు కూడా అంతే.

బొబ్బిలి_చెక్కపని
బెంచీ గురించి ఎవరూ మాట్లాడ్డం లేదు. కూర్చునే చోట ఇనుము పెడితే ఏప్రిల్ మేలో ఎవరూ కూర్చోలేరు, తొడలు కాలిపోతాయి. చెక్క పట్టీలు వెయ్యండి. మా బొబ్బిలి వైపు వీణలకి పనస వాడతాం గానీ ఎండా వానకి బాగా ముదిరిన తాటి చెక్క మేలు, చేవ నల్లగా ఉన్న భాగమే తీసుకోవాలి, లోపలి మెత్తటి భాగం పనికిరాదు. పట్టీకీ పట్టీకీ మధ్య ఎడం 8 ఎంఎం లోపే, లేకపోతే పిల్లల వేళ్ళు ఇరుక్కుంటాయి. స్టెయిన్‌లెస్ బోల్టులు వాడండి, చెక్కకీ ఇనుముకీ మధ్య రబ్బరు వాషరు. ఇందాక అక్క చెప్పిన నలుపు చెక్కలో కూడా వస్తుంది, ఇనుము నేరుగా తగిలితే చెక్కమీద నల్ల మరకలు పడతాయి. ముఖ్యంగా కొడవళ్ళ అంచులు జనం చెయ్యి అందే ఎత్తులో ఉంటే పదును పూర్తిగా అరగదీసి గుండ్రం చెయ్యండి, బెంచీ ఉందంటే పిల్లలు ఎక్కుతారు.

టెక్కలి_వెల్డింగ్
తాటి చెక్క మా ఊర్లో పాత ఇల్లు పడగొడతన్నారు, దూలాలు అడుగుతాను. కొంగ కంటికి బూడితి ఇత్తడి గుండు పెడితే ఎలగుంటాది? అది మన జిల్లా పని, జీఐ అని భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, ఒక్క చుక్క అయినా వాళ్ళ చేతిది ఉండాలని నా కోరిక.

నెల్లిమర్ల_ఫిట్టర్
పెట్టు, బాగుంటుంది. ఉప్పు తడిలో ఇత్తడీ ఇనుమూ తగిలితే ఇనుమే తరిగిపోతుంది, కానీ ఇత్తడి చిన్నదీ ఇనుము పెద్దదీ అయినప్పుడు ఆ నష్టం చాలా తక్కువ. నైలాన్ వాషరు వేసి ఎపాక్సీతో కూర్చో పెడితే ఆ కొంచెం కూడా ఉండదు.

టెక్కలి_వెల్డింగ్
ఇక రేటు. చందా వేసినోళ్ళలో ఒకాయన గేటుకి కేజీ లెక్క కడతారు కదా, దీనికీ అలగే కట్టీ, తుక్కే కదా అంటన్నాడు. మనసు చివుక్కుమంది.

నెల్లిమర్ల_ఫిట్టర్
ఊరి పని, చందా డబ్బు, కేజీ లెక్కయితే అందరికీ అర్థమవుతుంది, గొడవ ఉండదు. కొంచెం ఎక్కువ రేటు కట్టుకో.

రంగవల్లి_విజయనగరం
మాస్టారు మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఇక్కడ మీతో ఒప్పుకోలేను. కేజీ లెక్క అంటే ఎంత ఎక్కువ ఇనుము పెడితే అంత డబ్బు. కొంగ పనిలో చెయ్యి తిరిగినవాడు చేసేది ఇనుము తీసెయ్యడం. ఈకల మధ్య ఎడం కోసం తీసేసిన ప్రతి ముక్కకీ తమ్ముడి కూలి తగ్గుతుంది, అదే మోటుగా చేసినవాడికి ఎక్కువ వస్తుంది. ఆ లెక్క పనిని పాడు చేస్తుంది. తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు గారి శిల్పశాలలో ఇలాంటి తుక్కుతోనే పెద్ద పెద్ద విగ్రహాలు చేస్తారు, 2021లో నట్లూ బోల్టులతో 14 అడుగుల మోదీ విగ్రహం చేశారు. దాన్ని చూసి బరువెంత అని అడిగినవాడు ఉంటాడా, మొహం పోలిక వచ్చిందా లేదా అనే అడుగుతారు.

తమ్ముడూ ఒక నోటు పుస్తకం పెట్టు. రాడ్లు, డిస్కులు, గ్యాసు, కరెంటు, రంగు, బండి బాడుగ, కాంక్రీటు ఒక పక్క, రసీదులతో. నీ కూలి, నీ కుర్రాడి కూలి రోజు లెక్కన ఇంకో పక్క. గీసి కొలతలు కట్టినందుకు విడిగా ఒక మొత్తం, దాన్ని సిగ్గుపడకుండా రాయి. సగం అడ్వాన్సు తీసుకో. చందా డబ్బు కాబట్టి ఆ పుస్తకం ఎవరడిగినా చూపించు, అప్పుడు కేజీ మాట ఎవరూ ఎత్తరు.

నెల్లిమర్ల_ఫిట్టర్
తీసెయ్యడానికి కూలి అన్నమాట నిజమే అమ్మా. మిల్లులో కూడా ఫిట్టరుకి అరగదీసిన ఇనుము తూచి జీతం ఇవ్వలేదు. పుస్తకమే పెట్టు తమ్ముడూ.

టెక్కలి_వెల్డింగ్
పుస్తకం రాసి మీటింగులో చదివి వినిపించాను, ఆ కేజీ అన్నాయనే ముందు లేచి సరే అన్నాడు. పని కూడా ముందుకెళ్ళింది. ముక్కుకి కమాన్ పట్టీ వేడి చేసి వంచక్కర్లేకుండానే కుదిరింది, అతుకుల దగ్గర బూడిదలో పెట్టాక ఒక్క గీత లేదు. రెక్కలకి కొడవళ్ళు అమర్చాను, అంచులన్నీ గుండ్రం చేసీసాను. దవడ ప్లేటు కాళ్ళ కింద పెట్టి చూస్తే నిజంగా నీళ్ళలో దిగినట్టే ఉంది. వచ్చే నెల గట్టు మీద బిగించీద్దాం అనుకుంటన్నాం, దిమ్మ అక్కడే పోసి, మిగిలిన వెల్డింగు కూడా జనరేటరు పెట్టి అక్కడే చేసీద్దామని.

పిట్టల_డైరీ
అన్నా ఒక్క మాట వినండి. మీ చెరువు చెట్ల మీద కూడా గూళ్ళున్నాయి, నేను చూశాను. ఈ కొంగలు సెప్టెంబరు దాటాక వచ్చి మార్చి దాకా ఉంటాయి, ఇప్పుడు గూళ్ళలో పిల్లలున్నాయి. గట్టు మీద గ్రైండరు మోత, ఆర్క్ వెలుగు, జనరేటరు పెడితే పెద్ద కొంగలు లేచిపోతాయి, ఎండకి పిల్లలు ఒంటరిగా పడి ఉంటాయి, కాకులు వదలవు. వాటి బొమ్మ పెట్టడానికి వాటినే లేపెయ్యడం బాగోదు.

టెక్కలి_వెల్డింగ్
ఇది నాకు తట్టనే లేదు, మంచి మాట చెప్పారు. అయితే మిగిలిన అతుకులన్నీ షాపులోనే పూర్తి చేసీ, రంగులు కూడా ఇక్కడే వేసీ ఉంచుతాను. కొంగలు వెళ్ళిపోయాక ఏప్రిల్లో దిమ్మ పోసి, బాగా నీళ్ళు పెట్టి, మే నెలలో వానలకి ముందే బండి మీద తెచ్చి బోల్టులు బిగించీడమే, అక్కడ స్పానర్ తప్ప ఇంకేదీ వాడం. కుర్రాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను.

ఉద్దానం_బాబు
మేలో అయితే చెప్పండన్నా, పలాస నుంచి ఇద్దరం వస్తాం, ఎత్తడానికి మనుషులు కావాలి కదా

నెల్లిమర్ల_ఫిట్టర్
ఎత్తేటప్పుడు తాడు రెక్కలకి కట్టకండి, ఒంటికి కట్టండి. బోల్టు ఒక్కోదానికి రెండేసి నట్లు వెయ్యండి.